నూలుపోగుతో కొలిచిన దారి

శ్రీకాకుళం నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్లేలోపు నా చేతి వాచీ ముల్లు ఒక్కసారే తిప్పాను. అది దుబాయిలో, గంటన్నర వెనక్కి. అక్కణ్ణుంచి పదహారు గంటలు ఎగిరి భూమికి అటు పక్కన దిగినా మళ్లీ తిప్పాల్సిన పని పడలేదు. ఈ మాట చెప్తే మా బావమరిది ఇప్పటికీ నమ్మడు. మాస్టారి వాచీ ఆగిపోయి ఉంటుందంటాడు.

ముప్ఫై ఏళ్లకు పైగా జిల్లా పరిషత్ హైస్కూళ్లలో సోషల్ చెప్పి రిటైరయ్యాను. అక్షాంశాలు, రేఖాంశాలు, ధ్రువాల దగ్గర ఆరు నెలల రాత్రి, ఇవన్నీ సుద్దముక్కతో బోర్డు మీద గీసి చెప్పినవాణ్ణే తప్ప విమానం మెట్లు ఎక్కినవాణ్ణి కాను. మా అమ్మాయికి ఫిబ్రవరిలో పురుడు, దానికి మేమిద్దరం వెళ్లాల్సి వచ్చింది. వాళ్లుండేది ఫ్రీమాంట్‌లో, శాన్‌ఫ్రాన్సిస్కో ఎయిర్‌పోర్టు నుంచి కారులో గంట. వీసా కథ వేరే, దానికి హైదరాబాద్ రెండుసార్లు తిరిగాం. ఇక్కడ చెప్పదలచింది దారి గురించి.

"నాన్నా, టికెట్లు చూస్తున్నాను. వైజాగ్ నుంచి మొత్తం ఇరవై ఏడు గంటలు చూపిస్తోంది, ఫర్వాలేదా?" అని అమ్మాయి ఫోన్ చేసిన రోజు ఇంట్లో చర్చ మొదలైంది. దూరం ఎంతమ్మా అని అడిగాను. దుబాయి నుంచే ఎనిమిది వేల వంద మైళ్లు మావయ్యగారూ అన్నాడు అల్లుడు వెనక నుంచి. వాళ్ల ఫ్రెండ్ ఒకబ్బాయి ఎయిర్‌లైన్స్‌లో పని చేస్తాడట, అతను ఏడు వేలు అన్నాడట. నేను కాగితం మీద వేసుకుంటే పదమూడు వేలు వచ్చింది. మా ఆవిడ వంటింట్లోంచి, "ముగ్గురూ మూడు చెప్తున్నారు, ఎవరి విమానం ఎక్కమంటారు?" అంది.

ముగ్గురివీ సరైన లెక్కలే. నాది కిలోమీటర్లు, అల్లుడిది మైళ్లు, ఆ అబ్బాయిది నాటికల్ మైళ్లు. విమానాలవాళ్లూ ఓడలవాళ్లూ నాటికల్ మైళ్లలోనే మాట్లాడతారు. ఒక నాటికల్ మైలు అంటే 1,852 మీటర్లు. అక్షాంశంలో ఒక డిగ్రీకి అరవై నిమిషాలుంటాయి కదా, అందులో ఒక్క నిమిషం నేల మీద ఎంత దూరమో అదే నాటికల్ మైలు. ఎవరైనా ఫలానా ఊళ్ల మధ్య ఇంత దూరం అంటే ముందు ఏ మైలో అడగండి. లేకపోతే మాలాగే అరగంట పోట్లాడుకుంటారు.

నేను పదమూడు వేలు ఎలా తెచ్చానో చెప్పాలి. నాకు గొప్పగా అనిపించిన ముక్క అదే. అట్లాసులో చూస్తే దుబాయి 55 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంది. శాన్‌ఫ్రాన్సిస్కో 122 డిగ్రీల పడమర. రెండూ కలిపితే 177, చిల్లర భాగాలు కూడా కలిపితే 178కి దగ్గర. నూట ఎనభై అయితే రెండూ ఉత్తర ధ్రువానికి సరిగ్గా ఎదురెదురుగా ఉన్నట్టు. రెండు డిగ్రీల తేడాతో ఉన్నాయంటే ఎదురెదురుగా ఉన్నట్టే లెక్క. అంటే ఈ రెండు ఊళ్ల మధ్య దగ్గర దారి తూర్పుకీ కాదు, పడమరకీ కాదు. నేరుగా ఉత్తరానికి వెళ్లి ధ్రువం దాటి, అటువైపు నేరుగా దక్షిణానికి దిగడమే.

ఇక కొలవడానికి త్రికోణమితి కూడా అక్కర్లేదు. దుబాయి 25 డిగ్రీల ఉత్తర అక్షాంశం, అక్కణ్ణుంచి ధ్రువానికి 65 డిగ్రీలు. శాన్‌ఫ్రాన్సిస్కో దాదాపు 38, ధ్రువం నుంచి అక్కడికి 52. మొత్తం 117 డిగ్రీలు. డిగ్రీకి 111 కిలోమీటర్లు వేసుకుంటే 12,987. పదమూడు వేలు. అరవై నాటికల్ మైళ్లు వేసుకుంటే 7,020, ఆ అబ్బాయి చెప్పింది ఇదే.

మా ఆవిడకి అంకెలతో పని లేదు. "మ్యాపులో అమెరికా ఎడమ పక్క ఉంది, మనం కుడి పక్క. పైకెందుకు పోతారు?" అంది. క్లాసులో పిల్లలు కూడా ఏటా ఇదే అడిగేవారు. గోడ మీద మ్యాపు తెచ్చిన చిక్కు అది. గుండ్రని బత్తాయి తొక్కని బల్ల మీద చదునుగా పరిస్తే అంచులు చిరిగినట్టే, గుండ్రని భూమిని కాగితం మీద పరిస్తే ధ్రువాల దగ్గర సాగదీయాల్సి వస్తుంది. ఒక్క చుక్క లాంటి ధ్రువం మ్యాపు పైఅంచు పొడవునా గీత అయిపోతుంది. అందుకే ఆ దారి మ్యాపులో కనపడదు.

ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర స్టేషనరీ షాపులో ఎప్పుడో కొన్న గ్లోబు బీరువా మీద ఉంది. దుమ్ము తుడిచి దించాను. మా ఆవిడ కుట్టు డబ్బాలోంచి ఎర్ర నూలుపోగు తీశాను. ముందు భూమధ్యరేఖ చుట్టూ చుట్టి స్కేలు మీద పెడితే 94 సెంటీమీటర్లు. అసలు భూమి చుట్టుకొలత నలభై వేల కిలోమీటర్లు. అంటే నా గ్లోబు మీద సెంటీమీటరుకి 425 కిలోమీటర్లు. తర్వాత దారం ఒక కొస దుబాయి మీద నేను నొక్కి పట్టుకున్నాను, రెండో కొస శాన్‌ఫ్రాన్సిస్కో మీద తను పట్టుకుంది. వదులుగా ఉన్నప్పుడు దారం యూరప్ మీదా అట్లాంటిక్ మీదా పడింది. మెల్లగా బిగిస్తుంటే అదంతట అదే పైకి జరుగుతూ పోయి, గ్లోబు మేకు ఉన్నచోట, అదే ధ్రువం దగ్గర, టక్కున ఆగింది. "అరె, ఇది నిజంగానే పైకి పోయిందండీ" అంది. స్కేలు మీద పెడితే ముప్ఫైన్నర సెంటీమీటర్లు దాటింది. లెక్క కలిసింది.

అప్పుడే ఇంకో ముక్క కూడా కొలిచాను, కొలవకపోయినా బాగుండేది. మన విశాఖ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకి దారం సూటిగా బిగిస్తే టిబెట్, చైనా, సైబీరియా మీదుగా అలాస్కా తగిలి దిగుతుంది. పదమూడు వేల మూడు వందల కిలోమీటర్లు. మేం వెళ్లేదారి వేరు. వైజాగ్ నుంచి హైదరాబాద్ 510, అక్కణ్ణుంచి దుబాయి 2,550, ఆ పైన పదమూడు వేలు. మొత్తం పదహారు వేల చిల్లర. ముక్కు ఏదంటే తల చుట్టూ చెయ్యి తిప్పి చూపించినట్టు, తూర్పు సముద్రం ఒడ్డున ఉన్నవాళ్లం ముందు పడమటి ఎడారికి పోయి అక్కణ్ణుంచి బయల్దేరాలి. ఏం చేస్తాం, మన ఊరి నుంచి నేరుగా పోయే విమానం లేదు కదా.

దూరం సంగతి తేలాక గంటల మీద పడ్డాం. ఇక్కడ అమ్మాయికీ నాకూ పేచీ వచ్చింది. దుబాయి టికెట్ హైదరాబాద్ నుంచి ఉంది. వైజాగ్ నుంచి హైదరాబాద్‌కి విడిగా వేరే కంపెనీలో తీసుకుంటే పదకొండు వేలు మిగులుతుందని అల్లుడు లెక్క వేశాడు. సరే అన్నాను. అమ్మాయి రాత్రి పదకొండు దాటాక బయల్దేరే విమానం చూసింది, హైదరాబాద్‌లో దిగాక నాలుగు గంటల్లోపే దుబాయి విమానం. నేను ఒప్పుకోలేదు. రెండు టికెట్లు విడివిడిగా తీసుకుంటే మొదటి విమానం లేటయి రెండోది తప్పిపోయినా రెండో కంపెనీవాళ్లకి సంబంధం ఉండదు. ఒకే టికెట్ అయితే తర్వాతి విమానంలో పంపించే బాధ్యత వాళ్లదే. సామాను కూడా హైదరాబాద్‌లో మనమే బెల్టు దగ్గర తీసుకుని, పైఅంతస్తుకి తోసుకెళ్లి, మళ్లీ కొత్తగా అప్పగించాలి. జనవరి, పొగమంచు కాలం. సాయంత్రం ఏడున్నర విమానం తీయించాను. ఇరవై ఏడు గంటల ప్రయాణం ముప్ఫై ఒకటి అయింది. "ఏడు గంటలు అక్కడ కూర్చుని ఏం చేస్తారు నాన్నా?" అని అమ్మాయి విసుక్కుంది.

2025 జనవరి 22, బుధవారం. ముందు ఆదివారమే అరసవల్లి వెళ్లి దణ్ణం పెట్టుకొచ్చాం. ఫిబ్రవరి 4న రథసప్తమి, ఊళ్లో ఉండకుండా పోతున్నామని మా ఆవిడకి బెంగ. మధ్యాహ్నం రెండింటికి కారెక్కాం. డ్రైవరు మా వీధివాడే, నా దగ్గర ఎనిమిదో తరగతి చదివాడు. ఎచ్చెర్ల దాటాక అడిగాడు, "ఎన్ని కిలోమీటర్లుంటాది మాస్టారూ అమెరికా?" పదహారు వేలు అన్నాను. కాసేపు మాట్లాడలేదు. రణస్థలం దగ్గర లారీని దాటి, "అంటే మన ఊరి నుంచి వైజాగ్‌కి ఎన్నిసార్లు పోతే అంత?" అన్నాడు. నూట పది చొప్పున వేసుకుంటే నూట నలభై ఆరు. రానూపోనూ కలిపితే డెబ్భై మూడు ట్రిప్పులు. "నెలకి పదేస్తాను నాను. ఏడు నెలలు దాటతాది" అని తలాడించాడు. నా ఉద్యోగం మొత్తంలో దూరాన్ని ఇంత బాగా అర్థం చేసుకున్న స్టూడెంట్‌ని చూడలేదు.

భోగాపురం దగ్గర కొత్త ఎయిర్‌పోర్టు పనుల లారీలు కనపడ్డాయి. అది తయారైతే మాకు దారి సగం తగ్గుతుందని మాట్లాడుకుంటూ తగరపువలస, ఆనందపురం దాటి సిటీలో పడ్డాం. ఎన్ఏడీ జంక్షన్ దగ్గర ట్రాఫిక్‌తో కలిపి ఎయిర్‌పోర్టు చేరేసరికి ఐదు కావస్తోంది. నూట పది కిలోమీటర్లకి మూడు గంటలు.

అసలు దెబ్బ కౌంటర్ దగ్గర తగిలింది. దుబాయి టికెట్ మీద మనిషికి ఇరవై మూడు కిలోల పెట్టెలు రెండేసి తీసుకెళ్లొచ్చు. నేను ఆ లెక్కనే పట్టుకున్నాను. ఇరవై రెండు కిలోలవి రెండు, పద్నాలుగు కిలోలది ఒకటి, మొత్తం మూడు పెట్టెలు. కాటా మీద పెట్టగానే కౌంటర్ అమ్మాయి, "సర్, డొమెస్టిక్‌లో మనిషికి పదిహేనే అండీ. మీకు ఇరవై ఎనిమిది కిలోలు ఎక్కువున్నాయి" అంది. ధ్రువానికి ఎన్ని డిగ్రీలో నోటితో లెక్క కట్టినవాణ్ణి, టికెట్ కింద చిన్నక్షరాల్లో ఉన్న పదిహేను చూడలేదు. విడి టికెట్ మంచిదని నేనూ అన్నాను కాబట్టి అల్లుణ్ణి అనడానికీ లేదు.

డ్రైవరుకి ఫోన్ చేస్తే ఎన్ఏడీ దాటుతున్నాడు, వెనక్కి తిప్పాడు. పక్కన నేల మీదే పెట్టెలు తెరిచాం. మా ఆవిడ కింద కూర్చుని ఒక్కొక్కటీ తీస్తోంది. చల్ల మిరపకాయలు, వడియాలు, పిల్ల పుట్టాక పరచడానికి మెత్తటి పాత చీరలు, కారప్పొడులు, పలాస జీడిపప్పు మూడు కిలోలు, నాకు పొందూరు ఖద్దరు పంచెలు. "జీడిపప్పు అక్కడా దొరుకుతుంది" అన్నాను. "మీ పంచెలు అక్కడెవరు చూస్తారు?" అంది. పంచెలు పోయాయి. జీడిపప్పూ పాత చీరలూ ఉన్నాయి. మూడో పెట్టె మొత్తం డ్రైవరుకిచ్చి పంపేశాం. మిగిలిన పద్నాలుగు కిలోలకి ఎనిమిది వేల పైచిలుకు కట్టాను. పదకొండు వేలు మిగిల్చి ఎనిమిది వేలు కట్టాం. పంచెల బాధ సరేసరి.

తర్వాత విమానం లేటన్నారు. ఏడున్నరకి కదలాల్సింది తొమ్మిది దాటాక కదిలింది. ఇంకో రోజైతే తిట్టుకునేవాణ్ణి, ఆ రోజు మాత్రం లోపల్లోపల సంతోషించాను. అమ్మాయికి వెంటనే మెసేజ్ పెట్టాను: "గంటా నలభై నిమిషాలు లేటు. ఏడు గంటల గ్యాప్ వల్ల టెన్షన్ లేదు." అవతలి నుంచి రెండు దండాల బొమ్మలు వచ్చాయి.

విమానం వేగం గురించి ఒక మాట. పైకెళ్లాక గంటకి తొమ్మిది వందల కిలోమీటర్లంటారు. ఆ లెక్కన హైదరాబాద్ ముప్ఫై ఐదు నిమిషాల్లో రావాలి. టికెట్‌లో గంటా ఇరవై ఉంటుంది. తలుపు మూసిన దగ్గర్నుంచి తలుపు తీసేదాకా వేసే లెక్క అది. రన్‌వే దాకా పాకడం, ఎక్కడం, దిగడం, వరసలో ఆగడం అన్నీ అందులోనే. చిన్న దూరాల్లో ఇవే సగం తినేస్తాయి. దుబాయి నుంచి వెళ్లిన విమానానికి పదమూడు వేల కిలోమీటర్లు, పదహారు గంటలు, అంటే సగటున ఎనిమిది వందల పైన పడింది. హైదరాబాద్‌దానికి నాలుగు వందలు కూడా పడలేదు. ఎవరైనా దూరాన్ని తొమ్మిది వందలతో భాగించి ప్రయాణ సమయం చెప్తే నమ్మకండి. గంట కలుపుకుంటే నయం.

హైదరాబాద్‌లో సామాను తీసుకుని, లిఫ్టులో పైకెళ్లి, మళ్లీ అప్పగించి, ఇమ్మిగ్రేషన్ దాటేసరికి అర్ధరాత్రి దాటింది. మా ఆవిడకి మోకాళ్ల నొప్పులని అమ్మాయి ముందే వీల్‌చైర్ రాయించింది. ఆవిడ మహారాణిలా ముందు వెళ్తుంటే నేను బ్యాగులతో వెనక పరుగెత్తాను. దుబాయిలో ఆ వీల్‌చైర్ విలువ తెలిసింది. దిగిన గేటుకీ ఎక్కే గేటుకీ మధ్య నడక, మళ్లీ సెక్యూరిటీ చెక్, లిఫ్టులు, రైలు. ఉన్నది రెండు గంటలే. పెద్దవాళ్లని పంపేవాళ్లు ఆ ఒక్కటీ మర్చిపోకండి.

దుబాయిలో దిగేటప్పటికి ఉదయం ఏడు కావస్తోంది. అప్పుడే వాచీ గంటన్నర వెనక్కి తిప్పాను. అద్దాల అవతల ఎర్రగా సూర్యుడు వస్తుంటే మా ఆవిడ వీల్‌చైర్‌లోంచే దణ్ణం పెట్టింది. అది గురువారం మొదటి సూర్యోదయం. మొదటిది అని ఎందుకన్నానో చెప్తాను.

విమానం తొమ్మిదింటికి లేచింది. మాది ఎడమవైపు కిటికీ. ముందు సీటు వెనక తెర మీద మ్యాపు పెట్టుకుని కూర్చున్నాను. పదహారు గంటలూ సినిమా ఒక్కటీ చూడలేదు. ఇరాన్ కొండలు, తర్వాత తుర్క్‌మెనిస్తాన్, కజకిస్తాన్. నాలుగు గంటలు దాటాక ఉరల్ పర్వతాల పక్కగా. ఆసియాకీ యూరప్‌కీ సరిహద్దు ఏది అని ఎన్ని పరీక్షల్లో అడిగానో ఆ కొండలు, మంచు కింద ముడతల్లా కనపడ్డాయి.

మధ్యాహ్నం రెండున్నర అయింది నా వాచీలో. భోజనాలు అయ్యాయి, జనం కునుకు తీస్తున్నారు. అప్పుడు పొద్దు కుంకడం మొదలైంది. మధ్యాహ్నం రెండున్నరకి! రెక్క కొస మీద ఎర్రటి గీత కాసేపు నిలిచి, సన్నబడి, పోయింది. జనవరిలో ధ్రువం చుట్టూ సూర్యుడు రాడు కదా, మేం సూర్యుణ్ణి దాటుకుని ఆ చీకట్లోకి వెళ్తున్నాం. ఆరు నెలల రాత్రి అని బోర్డు మీద గీసిన బొమ్మ లోపలికి నేనే వెళ్తున్నానని తెలిసి ఒళ్లు జలదరించింది. తెర మీద బయట ఉష్ణోగ్రత మైనస్ అరవై దాటింది. కిటికీ దగ్గర చెయ్యి పెడితే చల్లగా తగిలింది. నక్షత్రాలు తప్ప ఏమీ లేవు. ఐదింటికి, అంటే సాయంత్రమో తెల్లవారుజామో చెప్పలేని ఐదింటికి, బొమ్మ విమానం మ్యాపు పైఅంచు చేరింది. మ్యాపు ఒక్కసారి గిర్రున తిరిగి, ఇందాకటిదాకా ఉత్తరానికి ఉన్న ముక్కు ఇప్పుడు దక్షిణానికి చూపించింది. విమానం మాత్రం తిరగలేదు. సూటిగానే పోతోంది. మా ఆవిణ్ణి తట్టి లేపాను. "దారం మేకు దగ్గరకొచ్చింది" అన్నాను. "కాళ్లు వాచాయి, ముందు అది చూడండి" అంది.

నిజంగానే వాచాయి. గంటకోసారి లేచి నడవమని, నీళ్లు తాగుతుండమని, బిగుతు సాక్సులు వేసుకోమని మా డాక్టరుగారు చెప్పే పంపారు. ఆవిడకి షుగర్ మాత్రలు పన్నెండు గంటలకోసారి. "వాచీలు చూసి కంగారు పడకండి, గంటలు లెక్కపెట్టి వెయ్యండి" అని కాగితం మీద రాసిచ్చారు. మనకి రాత్రి ఎనిమిదంటే అక్కడ చలికాలంలో పొద్దున ఆరున్నర, పెద్దగా తేడా పడలేదు. అది మావిడ మాత్రల సంగతి. ఇన్సులిన్ వేసుకునేవాళ్లు వాళ్ల డాక్టర్ని అడిగే బయల్దేరాలి. మాత్రలు మాత్రం చేతి బ్యాగులోనే పెట్టుకోండి, పెట్టెల్లో కాదు. ఆవిడ చెయ్యి పట్టుకుని వెనక వంటగది దాకా, మళ్లీ సీటు దాకా నడిపించాను. ధ్రువం మీద మేం చేసిన ప్రదక్షిణ అది.

చీకటి ఆరు గంటలుంది. నా వాచీలో తొమ్మిది అవుతుండగా, కెనడా మీద, ఎడమ కిటికీలో ముందు బూడిద రంగు, తర్వాత గులాబీ, ఆ తర్వాత నిప్పు అంచు. మా ఆవిడ నా భుజం మీంచి వంగి చూసి, "ఆదిత్యుడు మళ్లీ వచ్చాడండీ! పొద్దున ఒకసారి దణ్ణం పెట్టేశాను, ఇప్పుడు మళ్లీ పెట్టాలా?" అంది. పెట్టమన్నాను. ఒకే గురువారం, రెండు సూర్యోదయాలు. రథసప్తమి పోయిందన్న బెంగ అక్కడ కొంచెం తీరినట్టుంది.

వాచీ సంగతి ఇప్పుడు తేలిపోతుంది. దుబాయిలో అప్పుడు రాత్రి తొమ్మిది. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఉదయం తొమ్మిది. చలికాలంలో ఈ రెంటికీ సరిగ్గా పన్నెండు గంటల తేడా. ముళ్ల వాచీకి పగలూ రాత్రీ తెలియదు కదా, దానికి రెండూ ఒకటే. టికెట్ మీద చూసినా ఉదయం 8.50కి బయల్దేరి మధ్యాహ్నం 12.50కి చేరినట్టుంటుంది. నాలుగు గంటలే కదా అనుకున్నాడు మా బావమరిది. అవి రెండు ఊళ్ల గడియారాలు. ఏ ఊరి టైము ఆ ఊరిది అచ్చు వేస్తారు కాబట్టి టికెట్ మీద తీసివేత చేస్తే ప్రయాణ సమయం రాదు. మార్చిలో అక్కడ గడియారాలు గంట ముందుకు జరుపుతారు, అప్పుడు ఈ తేడా పదకొండు గంటలవుతుంది.

ఒంటిగంటకి ఐదు నిమిషాలుండగా దిగాం. ఇమ్మిగ్రేషన్‌లో ఆఫీసరు ఎందుకొచ్చారు, ఎన్నాళ్లుంటారు అని రెండు ముక్కలడిగి పంపేశాడు. తినే సామాను ఉందని ఫారంలో దాచకుండా చెప్పాం, జీడిపప్పు చూసి నవ్వారు. ఇల్లు చేరేసరికి నాలుగు. అప్పుడు శ్రీకాకుళంలో శుక్రవారం తెల్లవారి ఐదున్నర. గుమ్మం దాటి గుమ్మం ఎక్కడానికి ముప్ఫై తొమ్మిదిన్నర గంటలు. అందులో మూడు విమానాలూ కలిపి ఇరవై ఒక్క గంటల చిల్లర. మిగతా పద్దెనిమిది గంటలు రోడ్ల మీదా, కుర్చీల్లోనూ, లైన్లలోనూ పోయాయి. ఎన్ఏడీ ట్రాఫిక్ నుంచి ఫ్రీమాంట్ ట్రాఫిక్ దాకా.

మనవరాలు ఫిబ్రవరిలో పుట్టింది. పాత చీరలు పనికొచ్చాయి.

ఏప్రిల్ ఆఖర్లో తిరిగొచ్చాం. వచ్చేటప్పుడు ఒకటి గమనించాను. వెళ్లేటప్పుడు హైదరాబాద్ నుంచి దుబాయికి నాలుగు గంటలు పట్టింది, వచ్చేటప్పుడు మూడున్నరలోపే. అదే దూరం. చాలా ఎత్తున పడమర నుంచి తూర్పుకి జెట్ స్ట్రీమ్ అనే గాలి వీస్తుంటుంది. అటు వెళ్లేటప్పుడు ఎదురుగాలి, ఇటొచ్చేటప్పుడు వెనక నుంచి తోస్తుంది. మన వంశధారలో పడవ ఎగువకీ దిగువకీ నడిచినట్టే. ఈసారి మాత్రం మూడు ప్రయాణాలూ ఒకే టికెట్ మీద తీసుకున్నాం. పెట్టెలు అక్కడ అప్పగిస్తే, మధ్యలో కస్టమ్స్ చెకింగ్‌కి ఒకసారి తీసుకోవడం తప్ప, మళ్లీ వైజాగ్‌లోనే చేతికొచ్చాయి.

వైజాగ్‌లో అదే డ్రైవరు వచ్చాడు. పెట్టెలు డిక్కీలో సర్దుతూ, "మీ పంచెలు ఇంటికాడ దించీసినాను మాస్టారూ, మడత కూడా ఇప్పలేదు" అన్నాడు. కారు ఆనందపురం దాటాక గుర్తు చేశాడు. "మీరెళ్లినకాడ నుంచీ లెక్కెడుతున్నాను. ముప్పై ట్రిప్పులయినాయి. నానెక్కడిదాకా వచ్చుంటాను?"

ముప్ఫై ట్రిప్పులు, రానూపోనూ అరవై, నూట పది చొప్పున ఆరు వేల ఆరు వందల కిలోమీటర్లు. హైదరాబాద్, దుబాయి కలిపి 3,060 తీసేస్తే మిగిలింది 3,540. నూట పదకొండుతో భాగిస్తే ముప్ఫై రెండు డిగ్రీలు. దుబాయి ఇరవై ఐదుకి కలిపితే యాభై ఏడు.

"రష్యాలో ఉన్నావురా. ఉరల్ కొండల పక్కన, మంచులో" అన్నాను.

వాడు తగరపువలసలో ఒక బడ్డీ ముందు కారు పక్కకి తీసి ఆపాడు. "అక్కడ టీ దొరుకుతాదో లేదో, ఇక్కడ తాగేసి ఎలిపోదాం మాస్టారూ."